మేస్త్రీ చెప్పని సంగతి

చిరంజీవి అమ్మలూకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమంగా ఉన్నాం. అలవాటు కొద్దీ "అందరం" అని రాసి కొట్టేశాను, ఆ మరక అదే. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాళ్ళు ఎప్పటిలాగే సణుగుతున్నాయి. నాన్న తింటున్నాడు గానీ, ఏం తిన్నావంటే చెప్పలేడు. తమ్ముడి మంచం ఇంకా తీయలేదు. దాని మీద ఉతికిన బట్టలు కూడా నాన్న పెట్టనివ్వడు.

పక్కింటావిడ నీ చదువు ఏమిటని అడిగింది. ఎవరినీ వెలివేయకుండా అందరినీ కలుపుకుపోవడం ఎలాగో నేర్పే చదువన్నాను. "దానికి యూనివర్సిటీ దేనికి? నలుగురు ఆడపడుచులున్న ఇంట్లో ఏడాది కాపురం చేస్తే సరిపోదూ" అంది. నవ్వాను. తమ్ముడు పోయాక ఎనిమిది నెలలకు ఇదే నవ్వడం, దవడలు నొప్పి పుట్టాయి.

నువ్వు పంపిన పేజీలు నాన్న చదివి వినిపించాడు. పెద్ద మాటల దగ్గర ఇద్దరం తడబడ్డాం గానీ, తమ్ముడి గురించి రాసింది మాత్రం అంతా అర్థమైంది. తమ్ముడిలా చెవులు వినబడని మనిషి మా లాండ్రీలో పనిచేస్తే నారింజ రంగు కోటు వేసుకోవాలనీ, ఆ కోటు కనబడితే వ్యాను డ్రైవరు హారన్ కొట్టి ఊరుకోకుండా బండి ఆపాలనీ, మేస్త్రీ బద్ధకం కొద్దీ ఆ కోటు తీసేయించాడనీ, అందుకే ఆ రోజు వెనక్కి వస్తున్న వ్యాను ఆగలేదనీ రాశావు. ఈ కాగితాలే ఇరవయ్యో తేదీన విచారణ వాళ్ళకు ఇస్తానన్నావు. నాన్న కళ్ళజోడు తీసి "భలే రాసింది. ఆ మేస్త్రీ ఉద్యోగం ఊడాలి" అన్నాడు. నేను మంచినీళ్ళ వంక పెట్టుకుని లేచిపోయాను.

నిన్న పనిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. ఆసుపత్రి దుప్పటి ఒక్క మనిషికి లొంగదు, అటు కొస ఇంకొకరు పట్టుకోవాలి. నాతో పట్టే ఆవిడ రాలేదు. మేస్త్రీ వచ్చి పట్టుకున్నాడు. నాలుగు దుప్పట్లు మడిచాం.

"మీ అమ్మాయి ఉత్తరం రాసిందక్కా. చాలా ప్రశ్నలు అడిగింది" అన్నాడు.

"ఏం చెప్పావు?"

"అన్నీ చెప్పాను. ఒక్కటి తప్ప."

"చెప్పేయాల్సింది."

"బిడ్డను పోగొట్టుకున్నదానివి. నీ మీద ఎలా చెప్పను? కొస సరిగా పట్టుకో, వంకర పోతోంది."

ఆ ఒక్కటి ఇప్పుడు నేను రాస్తున్నాను. కోటు తీసేయించింది మేస్త్రీ కాదు. నేను.

ఆ కోటు చూసి ప్యాకింగ్ వాళ్ళు తమ్ముణ్ణి "సిగ్నల్" అని పిలిచేవాళ్ళు. "సిగ్నల్ వచ్చింది, ఆగండ్రా" అని చేతులు అడ్డం పెట్టేవాళ్ళు. వాడికి వినబడదు కదా, వాళ్ళు నవ్వితే వాడూ నవ్వేవాడు. వినేదాన్ని నేను. ఒకరోజు మేస్త్రీ దగ్గరికి పోయి, వాడికి చెవి మిషన్ పెట్టించాం, ఇప్పుడు బాగా వినబడుతోంది, కోటు అక్కర్లేదు అని చెప్పాను. డాక్టరు కాగితం తెమ్మన్నాడు. రేపు తెస్తానన్నాను. పంతొమ్మిదేళ్ళుగా నా నోట అబద్ధం ఎరగడు, నమ్మి రిజిస్టరులో సంతకం పెట్టాడు. కాగితం మళ్ళీ అడగలేదు. అది అతని తప్పే. మిగతాదంతా నాది.

ఇంకా ఉంది. కోటు ఏదని వాడు సైగ చేసి అడిగితే, మేస్త్రీ వద్దన్నాడని చెప్పాను. నీకు వాడు పంపిన చీటీలో ఉన్నది ఆ మాటే, నీ పేజీల్లోకి వచ్చింది కూడా అదే. అప్పటినుంచి వాడు మేస్త్రీకి నమస్కారం పెట్టడం మానేశాడు. "మీవాడికి నా మీద కోపమెందుకక్కా" అని మేస్త్రీ నన్ను అడిగితే, "వాడంతేలే" అన్నాను. వాడు ఆ కోపంతోనే పోయాడు.

వాడికి ఆ కోటంటే సిగ్గు లేదమ్మలూ. సిగ్గంతా నాదే. నలుగురి ముందు నా కొడుకు వేరుగా కనబడకూడదనుకున్నాను. మీ పుస్తకాల్లో దీనికి ఏదో పేరు ఉండే ఉంటుంది. వెతికి రాయి. మేస్త్రీ అని రాసినచోట అమ్మ అని దిద్దు. నన్ను కాపాడటానికి మాటలు మెత్తబరచకు.

ఇది మధ్యాహ్నం భోజనం వేళ లాండ్రీలోనే కూర్చుని రాస్తున్నాను. పోస్టు చేసి ఇంటికెళ్ళాక నాన్నకు చెబుతాను. ముందే చెబితే "పోయినవాడు ఎటూ రాడు, నోరు మూసుకో" అంటాడు, నాకూ అది తీయగానే వినబడుతుంది.

ఇరవయ్యో తేదీన పదింటికి నన్ను లోపలికి పిలుస్తారు. ఇదంతా వాళ్ళకూ చెబుతాను. నువ్వూ ఆ గదిలో ఉంటావు. నేను మాట్లాడుతున్నంతసేపు నా మొహం చూడకపోయినా ఫరవాలేదు. లేచి మాత్రం వెళ్ళిపోకు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ