ఆర్పడం వచ్చింది

అబ్బాయీ,

ఈ వారంలో పనిచేయకపోతే నీ కూతురు మెరుపులు పుట్టించడానికి చేసుకున్న టెస్లా కాయిల్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నావు. ఇవ్వను. అది పనిచేసింది.

మొన్నటిదాకా రాగి గొట్టాల మధ్య నిప్పురవ్వ పుట్టేది గానీ వెంటనే ఆరేది కాదు. అందువల్ల పై చుట్టలోకి ఎక్కిన శక్తి వెనక్కి వచ్చేసేది.

"నేను గదిలో ఉండగానే లైటు ఆర్పేస్తావు కదా నానమ్మా, దీన్నీ ఆర్పిపెట్టు" అంది నీ కూతురు, ఏడుపు ఆపుకుంటూ.

"దీపాన్నయితే ఊదుతాం. దీన్నీ ఊదవే" అన్నాను.

నవ్వబోయి ఆగింది. నా హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, రవ్వ మీదికి చల్లగాలి కొట్టించింది. పైనున్న గోళం నుంచి మూరెడు మెరుపు లేచింది.

పట్టపగలు కంటికి సరిగ్గా ఆనలేదు. తెరలు వేసి, లైటు నేనే ఆర్పాను. కరెంటు ఆదాకు కాదు, కళ్లారా చూడటానికి.

నువ్వు వచ్చాక మళ్లీ ఆర్పుతాను.

అమ్మ