టీవీలో నేను చెప్పిన మాట

బోరబండ,
ఆదివారం.

బిడ్డ శ్రీలతకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. మీ గురుకులంలో ఫోను ఐదు నిమిషాలే ఇస్తారు. నీ వెనక ఇంకో పది మంది పిల్లలు నిలబడి ఉంటారు. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి. పెట్టె తాళం చెవి ఇంట్లోనే దొరికింది, పిన్ని వచ్చేటప్పుడు పంపిస్తాను. తమ్ముడి దగ్గు బస్తీ దవాఖాన మందుతో తగ్గింది. నాయిన పోయిన నెల నిన్ను చూడడానికి ఎందుకు రాలేదన్నావు. అది చివర రాస్తాను.

మా ఆడవాళ్ల సంఘంలో పిల్లల గది నడుస్తోంది. ఇప్పుడు పందొమ్మిది మంది పిల్లలు. తల్లులు ఆరింటికే దింపి, ఆఫీసులు ఊడ్చే పనులకు పోతారు. నేనూ లచ్చమ్మత్తా చూసుకుంటున్నాం. మోటారు చెడిపోయి మూడు నెలలు. పక్క గల్లీ నుంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాం. బాగుచేయించమని ఎన్నిసార్లు అడిగినా, గదికి డబ్బులిచ్చే కంపెనీ వాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకొచ్చి గోడలకు రంగులేసి పోతున్నారు. ఈ ఏడు ఇది నాలుగోసారి. సీతాకోకచిలుకల మీద చేపలు వేశారు, ఆ చేపల మీద మళ్లీ సీతాకోకచిలుకలు.

లచ్చమ్మత్త ఉండబట్టలేక ఒక అమ్మాయిని అడిగేసింది. "బిడ్డా, రంగు కలుపనీకి గన్ని నీళ్లు ఏడికెళ్లి తెచ్చిన్రు? జర మాకు గూడ చూపియ్యరాదు?"

ఆ అమ్మాయి నవ్వి, అత్త పక్కన నిలబడి ఫోటో దిగింది.

సంఘం నడిపే పుణ్యవతి మేడం మంచిదే. పోలీసు స్టేషనుకైనా దవాఖానకైనా మా వెంట వస్తుంది. కంపెనీ వాళ్ల ముందు మాత్రం ఆమె వేరే మనిషి అవుతుంది.

ఇప్పుడు నాయిన సంగతి.

జూన్‌లో కంపెనీ వాళ్లు వీడియో తీశారు. సంఘం వల్ల బాగుపడిన ఒక ఆడమనిషి తన కష్టం చెప్పాలట. ముందు ఒప్పుకున్న ఆమె కెమెరా ఎదుట కూర్చుని నోరు తెరవలేదు. కొంగు మెలిపెడుతూ ఉండిపోయింది.

"ఎవరో ఒకరు చెప్పండమ్మా, వాళ్లకి అవతల మీటింగ్ ఉందట" అంది మేడం.

ఆమె కష్టం నాకు తెలుసు. ఊయల బట్టలు మడతపెడుతూ నాకు చెప్పుకుంది. ఆమెను లేపి నేను కూర్చున్నాను. ఆమె పేరు బయటికి రాకూడదని 'నేను' అంటూ మొదలుపెట్టాను. తాగి వచ్చేవాడు, బెల్టుతో కొట్టేవాడు, అన్నీ 'మా ఆయన' అనే చెప్పాను. ఆ పూట అది తప్పనిపించలేదు.

ఆ కంపెనీ ఉండేది నాయిన గార్డుగా ఉన్న టవర్లోనే. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. కింది హాల్లో గోడంత టీవీ ఉంది, అందులో ఆ వీడియో పెట్టారు. నాయిన పొద్దంతా దాని కిందే నిలబడాలి. మాట వినపడదు, అడుగున ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. మొదట నన్ను చూసి సంబరపడి, తోటి గార్డులను పిలిచి చూపించాడట. వాళ్లలో డిగ్రీ చదివిన మధు ఆ అక్షరాలు చదివాడు.

"నర్సన్నా, వదినను బెల్టుతోని కొడ్తవా? ఇగ నీతోని జర దూరముండాలె!"

అందరూ నవ్వారట.

ఇంటికొచ్చి ఒకటే అడిగాడు. "నేనెప్పుడు కొట్టిన నిన్ను?"

జరిగింది చెప్పాను. విన్నాడు. "ఆ పిల్ల పేరు ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. మర్నాడు కింద బేస్‌మెంట్ పార్కింగ్‌కు డ్యూటీ మార్పించుకున్నాడు. అక్కడ ఆదివారం సెలవు లేదు. నీ దగ్గరికి రాకపోవడానికి కారణం అదే.

తీసేయించమని మేడంను నాలుగుసార్లు అడిగాను. "మెయిల్ పెట్టానమ్మా. మరీ కదిలిస్తే మొత్తం అబద్ధమనుకుంటారు. గదికి ఇచ్చేది కూడా ఆపేస్తారు. కొన్నాళ్లు ఓపిక పట్టు" అంటుంది. నేనే టవరుకు పోయాను. హాల్లో కూర్చున్న అమ్మాయి టీవీలో నన్ను చూసింది, ఎదురుగా నన్ను చూసింది. "మెయిల్ పెట్టండి మేడం" అంది.

నాకు మెయిల్ పెట్టడం రాదు. నువ్వు ఇంగ్లీషులో చదువుతున్నావు. ఆ హాల్లో అమ్మాయి రాసిచ్చిన మెయిల్ అడ్రసు చీటీ ఇందులో పెట్టాను. మీ కంప్యూటర్ టీచరును అడిగి పంపించు. టీచరు చదివితే చదవనీ. గది మూతపడొచ్చు, నా పనీ పోవచ్చు. పందొమ్మిది మంది పిల్లల తల్లులకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. అయినా పంపించు. ఇంతే రాయి:

"ఆ వీడియోలో ఉన్నది నేను. అందులో చెప్పిన దెబ్బలు నిజం, తిన్నది నేను కాదు. నా భర్త నర్సయ్య మీ టవర్లోనే గార్డు. పదహారేళ్లలో నా మీద చెయ్యెత్తలేదు. దాన్ని తీసేయండి."

దెబ్బలు ఎవరివని వాళ్లు తిరిగి అడిగితే జవాబు ఇవ్వకు. నాయిన పేరు మాత్రం తప్పు లేకుండా రాయి. ఎట్లాగూ రాస్తున్నావు కాబట్టి, కింద మోటారు సంగతి కూడా ఒక ముక్క వెయ్యి.

ఇట్లు,
మీ అమ్మ