ఎక్కించే చెయ్యి నాది కాదు

మంగంపేట

అమ్మకు శిరీన్ సలాములు. ఇక్కడ అందరం బాగున్నాం. నాయన దగ్గు ఒక్కటే తగ్గలేదు, దూదేకే మనిషికి దగ్గు పోతుందా! కువైట్‌లో నువ్వూ బాగుండాలని దువా చేస్తున్నాను. ఫోన్‌లో అయితే పక్కనే మీ మేడం ఉంటుంది. అందుకే అక్కడికి తిరిగి పోతున్న రాహేలమ్మ పిన్ని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కాటా ఆఫీసులో ఏం గొడవని అడిగావు కదా, చెప్తా విను. ముగ్గురాయి లారీలు తూచే ప్రోగ్రాం పాతబడి మొరాయించింది. మా ఓనరు శేషన్న బామ్మర్ది ఉమామహేశ్ పెన్‌డ్రైవ్‌లో రెడీమేడ్‌గా ఇంకొకటి తెచ్చాడు. "దీని సోర్సు కోడ్ యాడుందన్నా?" అన్నాను. సోర్సంటే ప్రోగ్రాం లోపలి రాత. "అది నీకెందుకుమ్మా? మిషన్‌లోకి ఎక్కిచ్చు, అంతే" అన్నాడు.

తూకం చెప్పేదాని కడుపులో ఏముందో చూడకుండా ఎట్లా ఎక్కించేది? అదే పనికి ఇంకో ప్రోగ్రాం సోర్సుతో సహా నెట్‌లో ఊరికే దొరుకుతుంది. తెచ్చి ఆ రాతను మా లినక్స్ మిషన్ మీదే నడిచే ప్రోగ్రాంగా కంపైల్ చేశాను. ఒక లైబ్రరీ లేదని అలిగింది, అది తెచ్చిపెడితే ఇంకోటి లేదంది, అచ్చం పెళ్లిలో మేనత్తే! మొదట దాన్ని సిస్టం సొంత ఫైళ్ల మీదే పడేసి, అవి చెడగొట్టి కాటా ఆపేశాను, డ్రైవర్లు నా ఏడు తరాలనూ తలుచుకున్నారు. బుద్ధొచ్చి దానికంటూ వేరే ఫోల్డర్ పెట్టాను. వద్దనుకుంటే అదొక్కటి తీసేస్తే చాలు. తూకం సరిగ్గా వచ్చింది.

శేషన్న చూడను కూడా చూడలేదు. "మా బామ్మర్దినే అనుమానిస్తాండావా? ఆడపిల్లకు ఇంత పొగరు పనికిరాదు. ఎక్కిస్తావా, ఇంటికి పోతావా?"

"మిషన్ మీది, ఇదో పాస్‌వర్డ్. ఎక్కిచ్చే చెయ్యి మాత్రం నాది కాదన్నా."

నీకు దాచింది ఇదేనమ్మా, నా ఉద్యోగం పోయింది. నాయన తిట్టలేదు. "పరుపు ఇంటోళ్ల ముందర ఇప్పి, ఆళ్ల వాకిట్లోనే దూది ఏకుతాం మనం. కుట్టేసిన పరుపు తెచ్చి నమ్మమంటే ఎవురు నమ్ముతారుమ్మే?" అన్నాడు. పక్క క్వారీ తిమ్మయ్య మామ తన కాటాకు నేను చేసిందే కావాలన్నాడు.

మీ మేడం చెల్లెలింట్లో పనికి నాకు వీసా మాట్లాడానని రాశావు. నేను రాను. నీ పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది, అడిగితే పని పోతుందని నీ భయం. పోనీ! నాది పోలేదా? పస్తులేమీ ఉండం. ఈ ఉత్తరం చదివిన రోజే అడుగు. పాస్‌పోర్టు నీ చేతికొచ్చాక అక్కడ ఉంటావో, ఇంటికొస్తావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ పొగరుబోతు కూతురు
శిరీన్