యాదగిరి మెకానిక్ వైఫై

మంగళవారం, కొత్తకోట

ఈరోజు చేసిన పనికి నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

లారీ మెకానిక్ యాదగిరన్న పోయి మూడు నెలలు. నిన్నటి నుంచి నెట్ రావడం లేదని ఆయన భార్య లక్ష్మమ్మక్క, ఊళ్లో నెట్ రిపేర్లు చూసే నాకు ఫోన్ చేస్తే పొద్దున వెళ్లాను. నా ఫోన్‌లో వాళ్ల వైఫై పేరు ‘యాదగిరి మెకానిక్’ అని కనిపిస్తూనే ఉంది, అంటే రూటర్ బాగానే ఉన్నట్టు. అయినా అలవాటు కొద్దీ రూటర్ వెనక పిన్ను గుచ్చి రీసెట్ కొట్టాను. పేరు, పాస్‌వర్డ్ రెండూ పోయాయి. తీరా చూస్తే ఎలుక వైరు కొరికింది, అంతే.

వైరు అతికించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి లేచేసరికి అక్క ఆయన ఫోన్ తెచ్చింది.

“తమ్మీ, ఇది ఇంకా మోగుతలేదేంది? సిమ్ము ఎప్పుడో బందయ్యింది. గీ వైఫై మీదనే పొద్దుగాల ఆయన దోస్తుల వాట్సాప్ గ్రూపుల మెసేజ్‌లు వస్తుండె. అవి మోగుతుంటె ఆయన ఇంట్ల ఉన్నట్టే ఉంటుండె.”

“కొత్త పాస్‌వర్డ్ కొట్టాలె అక్కా. లాక్ తియ్యి.”

“లాక్ నాకు తెల్వదు.”

పాత పేరు మళ్లీ పెట్టాను. కానీ పాత పాస్‌వర్డ్ కూడా ఉంటేనే ఆ ఫోన్ దానంతట అది కలుస్తుంది. అది ఆయనొక్కడికే తెలుసు. రీసెట్‌కు ముందు రూటర్ సెట్టింగులు తెరిచి ఉంటే నాకూ కనబడేది. ఒక్క నిమిషం పని.

అక్క నా ఫోన్‌లో ఆ పేరు చూసుకుంది. ఆయన ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టింది.

“పేరు మళ్ల వచ్చింది గద. రేపు పొద్దుగాల మోగుతది గద తమ్మీ?”

తలూపి వచ్చేశాను.