లెక్కలోంచి తీసేసిన ఆవగింజ

ఏవండీ,

పాలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తున్నాను. పాపని ఇంకా ఆ అద్దాల బాక్సులోనే ఉంచారు, బరువు కేజీ రెండొందలు దాటలేదు. మా అమ్మ పామర్రు నుంచి రేపటికి గానీ రాదు. అన్నం, పప్పు స్టవ్ పక్కన పెట్టాను. సాయిశ్రీకి మీరే కలిపి పెట్టండి, నిన్నటి నుంచి సరిగా తినడం లేదు.

దానికి కారణం మీరే. శనగలూ మినుములూ పళ్ళెంలో పేర్చి గ్రహాలు నేర్పారు, బాగానే ఉంది. ఆవగింజని ప్లూటో అన్నారు. "చిన్నది కదమ్మా, లెక్కలోంచి తీసేశారు" అంటూ గోటితో ఎగరగొట్టారు. పొద్దున జడ వేస్తుంటే అడిగింది: "చెల్లి కూడా చిన్నదేగా అమ్మా, తీసేస్తారా?"

మీకు దణ్ణం పెడతాను, ఈ పూటే సరిగ్గా చెప్పండి. చిన్నదని తీసేయలేదు. ప్లూటో గుండ్రంగానే ఉంది, సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. దాని దారిలో అలాంటివి ఇంకా బోలెడున్నాయని వేరే జాబితాలో రాశారు, అంతే. దాన్నెవరూ ఎక్కడికీ పంపేయలేదు.

నాగవేణి

సాయిశ్రీ దిండు కింద అగ్గిపెట్టె ఉంటుంది, తీయకండి. ఆ ఆవగింజని వెతుక్కుని, దూదిలో పడుకోబెట్టింది. గాలాడడానికి పైన చిల్లులు కూడా పెట్టింది.