ఉత్పన్నం కాని ప్రశ్న

నూజివీడు,
ఏప్రిల్ 9

ప్రియమైన సుభద్రక్కకి,

ఫోన్లో చెబుదామంటే మధ్యలో పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

పోయిన వేసవిలో బావగారు ట్రాక్టర్ నిండా బంగినపల్లి కాయ వేసుకుని ముసునూరు ప్యాక్ హౌస్‌కి వెళ్తే, ఎగుమతికి పంపే కాయని శుద్ధిచేసే వేడినీళ్ల మిషన్ పాడైపోయి ఉంది. ఆ కాయంతా హనుమాన్ జంక్షన్‌లో జ్యూస్ వాళ్లకి అయినకాడికి పోసి వచ్చారు. రైతు సంఘం ప్రెసిడెంటుగా ఎమ్మెల్యే గారికి చెప్పి అసెంబ్లీలో రాతపూర్వకంగా ప్రశ్న వేయించారు. "ముసునూరు ప్యాక్ హౌస్ మూతపడిన మాట వాస్తవమేనా? అయితే కారణాలేమిటి?" అని. "లేదు. ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ప్రభుత్వం నుంచి జవాబొచ్చింది. ఆ జవాబు రాసిచ్చింది నేనే అక్కా.

మా ఉద్యానశాఖ ఆఫీసుకి అసెంబ్లీ ప్రశ్న వస్తే ముందు చూసేది ఏ బాధతో అడిగారని కాదు, ఏ మాట వాడారని. మూతపడిందా అన్నారు. మిషన్ తిరక్కపోయినా వాచ్‌మన్ రోజూ తలుపు తీస్తున్నాడు, రిజిస్టర్‌లో సంతకం ఉంది. కాబట్టి మూతపడలేదు. మొదటిదానికి లేదంటే రెండోదానికి జవాబే అక్కర్లేదు. మా ఆఫీసరు "బాగా రాశావయ్యా" అన్నాడు. సిగ్గులేకుండా మురిసిపోయాను. అడిగించింది బావగారని తెలిసే రాశాను.

తర్వాత ఎమ్మెల్యే గారికే అబద్ధం చెప్పారని ఊళ్లో అందరూ బావగారిని ఆడిపోసుకున్నారు. ఆయన పదవి వదిలేశారు. మొన్న ఉగాదికి వచ్చి, ఆయన కొసరి కొసరి వడ్డిస్తే తిన్నాను గానీ నోరు విప్పలేకపోయాను. ఆయనకి నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

నీ తమ్ముడు,
భాస్కరరావు


చాట్రాయి,
ఏప్రిల్ 16

భాస్కరానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయనకి మొదటిరోజే తెలుసట. అసెంబ్లీ ప్రశ్నలన్నీ నీ టేబుల్‌కే వస్తాయని మా ఇంట్లో భోంచేస్తూ గొప్పలు పోయింది నువ్వే కదా. ఆ జవాబు రాసిందెవరో తేల్చాలని సంఘంలో వాళ్లు అర్జీ పెట్టబోతుంటే, "పొరపాటు నాదే" అని చెప్పి తప్పుకున్నారట. నీ ఉద్యోగానికి ముప్పొస్తుందని. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకూ చెప్పలేదు. నేనేమో ఆ రోజుల్లో "అసలు మీరు సరిగ్గా చూశారా?" అని అడిగాను. నీ మీద కోపం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోందిరా.

ఎమ్మెల్యే గారు మళ్లీ ప్రశ్న వేస్తున్నారు. ఈసారి నీ ఉత్తరం పక్కన పెట్టుకుని మాటలు నేనే రాసిచ్చాను. మూతపడిందా అని అడగలేదు. ఈ రెండు సీజన్లలో ఆ మిషన్‌లో ఏ తేదీన ఎన్ని టన్నుల కాయ శుద్ధిచేశారో చెప్పమన్నాం.

మీ బావగారు ఒక్కటే అడిగారు. "ఇదీ వాడి టేబుల్‌కే వస్తుందా?" అని. వస్తుందన్నాను.

"అయితే ఫరవాలేదులే" అన్నారు.

మీ అక్క,
సుభద్ర