వేలికి చుక్క తగలాలి

శ్రీరామ.

పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరం తాలూకా, చినలంక గ్రామంలో కాపురం ఉంటున్న సాగిరాజు వెంకటపతిరాజు అనే నేను, డెబ్బై రెండో ఏట, మా ఇంటి అరుగు మీద కూర్చుని నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. ఒళ్ళు బాగాలేదు. గుండె రెండుసార్లు ఆగినంత పని చేసింది. బుద్ధి మాత్రం బాగానే ఉంది. లేదని ఎవరైనా కోర్టుకెక్కితే, ముప్పై ఏళ్ళుగా రామాలయం మైకులో నా పురాణం విన్న ఊరంతా నాకు సాక్షి. ఎవరి బలవంతమూ లేదు. కోపం ఉంది. కోపంతో రాసినంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదని ప్లీడరుగారిని అడిగే కలం పట్టాను.

దీన్ని చదవవలసినవాళ్ళు నా ఒక్కగానొక్క కొడుకు ఫణీంద్ర, అతని భార్య జానకీదేవి, వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ శ్రీసత్య. అమలు జరపవలసినవాడు మైకుసెట్టు దొరబాబు. "ఇంతమంది పెద్దలుండగా మైకుసెట్టువాడేంటండి నాన్నగారూ?" అని ఫణీంద్ర ముఖం చిట్లిస్తాడు. ఏడో అంశం దాకా చదువు, తెలుస్తుంది.

1. ఊరికి తూర్పున నా పేర ఉన్న ఆరెకరాల రొయ్యల చెరువులు, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు, డీజిలింజను, మందుల షెడ్డుతో సహా ఫణీంద్రకు చెందుతాయి. ముద్దుగా ఇస్తున్నానని అనుకోవద్దు. వాటిని ఇంకెవరి నెత్తిన పెట్టడానికీ నాకు మనసొప్పలేదు. వరి పండిన నేల అది. "ఒక్క పంట తీసి పూడ్చేద్దామండి" అని తవ్వించావు. సంతకం నేనే పెట్టాను. తొమ్మిదేళ్ళకి మన బోరు ఉప్పయింది, మన పక్క బోర్లూ ఉప్పయ్యాయి. ఆ పాపంలో సగం నాది, కాదనను. కానీ ఒక్కటి అడుగుతాను. చెరువు నీళ్ళకి పొద్దున ఒక పరీక్ష, సాయంత్రం ఒక పరీక్ష చేయిస్తావే, నీ ఇంట్లో గూట్లో పెట్టి పెంచే, గరిటెడు నీళ్ళు తాగే ప్రాణి సీసా వైపు ఏడాదిలో ఒక్కసారైనా చూశావా? రొయ్యని అమ్ముతావు కాబట్టి దాని నీళ్ళు నీకు నీళ్ళు. ఇది అమ్ముడుపోదు కాబట్టి దాని దాహం దాహం కాదు. అంతేనా?

2. కాలవ గట్టున ఉన్న ఎకరన్నర కొబ్బరితోట, అందులోని తీపినీళ్ళ నుయ్యితో కలిపి, నా కోడలు జానకీదేవికి మాత్రమే చెందుతుంది. ఫణీంద్రకు దాని మీద ఏ హక్కూ లేదు. అందులో చెరువు తవ్వకూడదు, తవ్వడానికి కౌలుకివ్వకూడదు, దాని పక్కన డీజిలింజను పెట్టి ఉప్పునీళ్ళు తోడకూడదు. బిందె పట్టుకొచ్చిన ఏ ఆడమనిషినీ 'నువ్వెవరి తాలూకు' అని అడగకూడదు. ఈ తోటకి పొక్లెయిన్ తెస్తానని నువ్వు పోయిన నెల అన్న మాట నేను గది లోపలి నుంచి విన్నాను. నాకు గుండె జబ్బు, చెవుడు కాదు.

3. వెన్న అనే పేరుగల తెల్ల హామ్‌స్టరు, దాని ఇనప చువ్వల గూడు, చక్రం, మట్టి ప్రమిద శ్రీసత్యకు చెందుతాయి. నీళ్ళ బాధ్యత మాత్రం ఫణీంద్రది. ఇది ఎలక కాదని నా మనవరాలు నాకు నాలుగుసార్లు చెప్పింది కాబట్టి ఎలక అని రాయడం లేదు. పోయినేడు వినాయక చవితికి ముందు, ఏరేటర్ల పని మీద రాజమండ్రి వెళ్ళిన ఫణీంద్ర, చేపల తొట్టెలమ్మే కొట్లో రెండు కొని తెచ్చాడు. "స్వామివారి వాహనాన్ని అట్టపెట్టెలో పెట్టి తెచ్చావేంట్రా?" అన్నాను. ఇల్లంతా నవ్వింది. రెండూ ఒక గూట్లో పడవని రెండు గూళ్ళు తెచ్చారు. తెల్లది వెన్న, గోధుమరంగుది బెల్లం. బెల్లం ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందో అయిదో అంశంలో రాస్తాను. ముందు రాసే ధైర్యం లేక కాదు, ముందు బతికున్నదాని సంగతి తేలాలి.

4. గూడు శుభ్రం గురించి. ఈ కింద రాసినవాటిలో ఒక్కటి తప్పినా చెరువుల మీద ఫణీంద్ర హక్కు చెల్లకూడదని రాద్దామనుకున్నాను. అలాంటి షరతు నిలవదని ప్లీడరుగారు చెప్పారు. అందుకే శాపంగా రాస్తున్నాను, దానికి కోర్టు అక్కర్లేదు.

నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పోయాలి. ఉన్నవాటి మీద కలపకూడదు. నూతి నీళ్ళే పోయాలి. 'ఆ పిసరంత దానికి తియ్యనీళ్ళెందుకు, బోరువి చాలు' అన్నవాడు ఆ రోజంతా బోరు నీళ్ళే తాగాలి. సీసా పెడితే సన్న బ్రష్షుతో లోపల తోమాలి, జారుడు పచ్చగా పట్టక ముందే. తలకిందులుగా తగిలించాక, అది నాకి తాగే గొట్టం కొసలో ఉన్న ఇనప గుండుకి వేలు ఆనించాలి. వేలికి చుక్క తగలాలి. తగలకపోతే ఆ సీసా నిండుగా ఉన్నా ఖాళీయే.

అది ఏ మూల ఒంటికి వెళుతుందో ఆ మూల గడ్డి ప్రతిరోజూ తీసెయ్యాలి. వారానికోసారి గూడంతా వేణ్ణీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే దాన్ని లోపల వదలాలి. చెరువుల షెడ్డులో ఉంది కదా అని బ్లీచింగు చల్లినవాడు మనిషి కాదు. ఫినాయిలూ వద్దు. పాత గడ్డిలో పొడిగా ఉన్నది గుప్పెడు మళ్ళీ వెయ్యాలి, లేకపోతే తన ఇల్లు తనకే వాసన తెలియక రాత్రంతా చువ్వలు కొరుకుతుంది. అది దాచుకున్న గింజల్లో కుళ్ళినవి ఏరాలి గానీ మొత్తం ఊడ్చిపారెయ్యకూడదు. ఆరు నెలలు తిరక్కుండా మనం దాచుకున్నదంతా పోతే ఊరుకుంటామా?

నాకన్నా వెన్నే ముందు పోతే, ఈ అంశం మన ఇంట్లో పనివాళ్ళకిచ్చే మంచినీళ్ళ గ్లాసుకి వర్తిస్తుంది.

5. బెల్లం సంగతి. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పురాణాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందులో నాకు ప్రాణం ఒక రాజు కథ. నలభై ఎనిమిది రోజులు ఉపవాసం ఉండి, ఆఖరికి దొరికిన గుక్కెడు నీళ్ళు నోటి దాకా తెచ్చుకుని, వాకిట్లో దాహమన్నవాడికి ఇచ్చేసిన రాజు. ఈ కథ చెప్పినప్పుడు నేను ఏడవని ఏడు లేదు. పోయిన వేసవిలో రామాలయంలో ఏడు రోజుల సప్తాహం చెప్పాను. ఏడో రోజుకి ఆ కథ అట్టేపెట్టాను.

అప్పట్లో గడ్డి మార్చడం జానకీదేవి పని, నీళ్ళు నా పని. కావాలని నేనే తీసుకున్నాను. వెన్న సీసా పగిలితే జానకీదేవి ప్రమిద పెట్టింది. "ప్రమిదలో గడ్డి పడి మురికవుతుంది, సీసాయే శ్రేష్ఠం" అని కోడల్ని నలుగురిలో తక్కువ చేసి మాట్లాడాను. బెల్లం సీసాలో బోరు నీళ్ళు పోసింది నేను.

సప్తాహం నాలుగో రోజున, నేను పట్టు పంచె కట్టుకుంటుంటే, జానకీదేవి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మావయ్యగారండీ, బెల్లం సీసాలో నీళ్ళు తగ్గట్లేదండి" అంది.

నేను ఏమన్నానో దాపరికం లేకుండా రాస్తున్నాను. "తగ్గకపోతే మంచిదే కదమ్మా, నిండుగా ఉన్నదాన్ని చూసి ఏడుస్తావేంటి?" అన్నాను.

తొమ్మిదేళ్ళు చెరువు గట్టు మీద గుర్తుకర్ర చూసినవాడి బుద్ధి ఇది. మట్టం దిగితే గండి పడినట్టు, దిగకపోతే దేవుడు చల్లగా చూసినట్టు. చెరువుకి నోరుండదు. సీసా కింద ఒక నోరు ఉందన్నది నాకు తట్టలేదు.

ఏడో రోజు పొద్దున బెల్లం మూల పడి ఉంది. నేను సాయంత్రం మైకు ముందు కూర్చుని, ఆ రాజు కథ ముగించి, ఆ ఊపులో ఇలా అన్నాను: "శుచి లేని ఇంట ప్రాణి నిలవదు! ఎక్కడో కాదండీ, నా ఇంట్లోనే, గూడు కడగడానికి బద్ధకించిన ఒక ఇల్లాలి చేతిలో మూగజీవం పోయింది!" నాలుగు హారన్లు. కాలవ వంతెన దాకా వినిపించింది. ఆ సమయంలో జానకీదేవి మా వంటింట్లో సప్తాహం ప్రసాదానికి పులిహోర కలుపుతోంది. మర్నాడు నూతి దగ్గర, నీళ్ళకొచ్చిన సుబ్బాయమ్మ అడిగిందట: "ఏంటండి, ఎలకని చంపేశారంటగా మీరు?" అప్పటి నుంచి నా కోడలు నూతికి వెళ్ళడం మానేసింది.

రెండు వారాల తర్వాత, నా మాటే గెలవాలని, ప్రమిద తీసేసి బెల్లం సీసానే వెన్న గూటికి తగిలించాను. వెన్న వచ్చి గొట్టం నాకింది. నాకుతూనే ఉంది. శ్రీసత్య వేలు పెట్టి చూసి, "తాతగారండీ, చుక్క రావట్లేదండి" అంది. విప్పి చూస్తే గుండు చుట్టూ తెల్లగా ఉప్పు గట్టింది, మన ఏరేటరు గొట్టాల్లో కట్టినట్టే. నిండు సీసా కింద నాకి నాకి బెల్లం దాహంతో పోయింది. నిమ్మకాయ పిండిన వేణ్ణీళ్ళలో ఆ గొట్టం నానేసి కూర్చుంటే జానకీదేవి అటుగా వచ్చింది. చూసింది. అర్థమైంది. లోపలికి వెళ్ళి సన్న బ్రష్షు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. మర్నాడు కాఫీ మామూలు వేళకే ఇచ్చింది. తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

6. చిన్నచిన్నవి. నా పురాణ గ్రంథం, వ్యాసపీఠంతో సహా, జానకీదేవికి. ఇన్నాళ్ళు ఎవరినీ తాకనివ్వలేదు. చదివి ఏడ్చేవాడి దగ్గర కన్నా చదవకుండానే అలా నడుచుకున్న మనిషి దగ్గర అది ఉండాలి. నా భూతద్దం శ్రీసత్యకు, సీసా గొట్టం లోపల చూడటానికి. నా గొడుగు సత్తియ్యకు. ముప్పై ఏళ్ళు ముందు వరసలో కూర్చుని పురాణం వింటూ, ఇంటికెళ్ళి గొడ్డుని కర్రతో బాదే సత్తియ్యకే. ఎండలో కట్టేసిన ఆ గొడ్డుకి పట్టమని. అతని మీద నాకు పదేళ్ళ కోపం. ఇప్పుడు చూస్తే నేనూ అతని వరసలోనే ఉన్నాను.

7. <s>నేను పోయిన పదకొండో రోజున దొరబాబు రామాలయం దగ్గర మైకు పెట్టి, పై అయిదో అంశాన్ని ఒక్క అక్షరం వదలకుండా చదవాలి.</s> కొట్టివేశాను. వెం. రా.

కొట్టివేతకు కారణం రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. సాక్షి సంతకాలకని పోస్టుమాస్టరు శివరామకృష్ణగారినీ, మా ఇంటికి బిందెలు మోసే బుల్లెమ్మనీ పిలిచి, ఇదంతా చదివి వినిపించాను. పోస్టుమాస్టరుగారు "బాగుందండి, చక్కగా ఉందండి" అన్నారు. బుల్లెమ్మ నిలబడే ఉంది. "అయితే రాజుగారండీ, మీరు పోయేదాకా అమ్మగారు ఆ మాట మోసుకు తిరగాలాండి?" అంది.

పిచ్చిదానా, నీకేం తెలుసు అందామని నోరు తెరిచాను. నోరు మూసుకుని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. బెల్లం పోయి ఆరు నెలలు దాటింది. ఈ కార్తీకమాసమంతా రోజూ మైకు పట్టుకున్నాను. దానధర్మాలు చెప్పాను, నరకాలు వర్ణించాను, చెప్పవలసిన ఒక్క ముక్క చెప్పలేదు. చచ్చాక చెప్పించుకుంటే నాకేం సిగ్గు? పిరికిపనికి వీలునామా అని పేరు పెట్టి స్టాంపు కాగితం మీద రాసుకున్నాను.

కాబట్టి ఏడో అంశం ఇలా మార్చాను. ఈ సాయంత్రం దీపాల వేళకి దొరబాబు మైకు కడతాడు. అయిదో అంశం నేనే చదువుతాను. ఒక హారన్ నూతి వైపు, ఒకటి మా వంటింటి వైపు తిప్పమని చెప్పాను. జానకీదేవి రానక్కర్లేదు, తన పని తను చేసుకోవచ్చు. మధ్యలో నా గుండె ఆగితే, ఆగిన అక్షరం దగ్గర నుంచి ఫణీంద్ర చదవాలి. ఇది అతనికి నేనిచ్చే ఆఖరి ఆస్తి.

ఈ వీలునామాలో కొట్టివేత ఒకటి, దిద్దుబాట్లు లేవు. మొత్తం నా స్వదస్తూరి. దీనికి ముందు రాసినవేవైనా ఉంటే చెల్లవు.

స్వభాను నామ సంవత్సరం, కార్తీకమాసం, సోమవారం, 17-11-2003, చినలంక.

(సం.) సాగిరాజు వెంకటపతిరాజు

సాక్షులు:
1. (సం.) శివరామకృష్ణ, పోస్టుమాస్టరు
2. బుల్లెమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర. చెయ్యి తడిగా ఉండటం వల్ల ముద్ర కొంచెం చెదిరింది. ఇప్పుడే వెన్న ప్రమిదలో నీళ్ళు మార్చి వచ్చింది. ముద్ర ఆమెదే.